ఆలస్యమైన మాట

తెలంగాణ ఉద్యమం రోజుల్లో జనగామలో మా వీధి చివర ఇంటర్నెట్ సెంటర్ నడిపిన అన్నకు ఎప్పుడూ ఒకటే మాట. సెంటర్లో ఒకరు సినిమా దింపుకుంటుంటే, పక్క కంప్యూటర్లో ఇంకొకరు దుబాయిలో ఉన్న మనిషితో మాట్లాడుతుండేవారు. రెండూ ఒకే లైన్లో ముక్కలు ముక్కలుగా రావాలి కాబట్టి, సినిమా ముక్కల వెనక వరుసలో నిలబడి మాటలు ఆలస్యమయ్యేవి. అన్న సెట్టింగుల్లోకి వెళ్లి ఆ వరుసను పొట్టిగా కత్తిరించేవాడు. అందులో పట్టని ముక్కలు, సినిమావైనా మాటలవైనా, రాలిపోయేవి.

"మధ్యల మాటలు పోతున్నయి గదనే అన్నా?" అని నేను అడిగితే నవ్వేవాడు.

"ఆలస్యమైన మాట కన్న పోయిన మాట నయం తమ్మీ."

ఒక బంద్ నాడు బస్సుల్లేక, ఆయన తమ్ముడు భూపాలపల్లి నుంచి జనగామకు బండి మీద బయలుదేరాడు. స్టేషన్ ఘన్‌పూర్ దాటాక లారీ గుద్దింది. ఆ రోజు ఫోన్ లైన్లన్నీ రద్దీ. శవం ఇంటికి చేరాక, అందరూ ఏడుస్తుండగా అన్న జేబులో ఫోన్ మోగింది. తమ్ముడు దారిలో పంపిన మెసేజ్ అది.

"అన్నా, ఘన్‌పూర్ల ఉన్న. వదినకు అన్నం ఉంచుమని చెప్పు."

మళ్లీ సెంటర్ తెరిచాక అన్న వరుసను కత్తిరించలేదు. ఎంత పొడవు పెట్టగలడో అంత పెట్టేశాడు. ఏ మాటా పోయేది కాదు, ఏదీ వేళకు వచ్చేది కాదు. దుబాయిలోని భర్తతో మాట్లాడే ఒకామె ఓపిక పట్టలేకపోయింది.

"జర మునుపటి లెక్క పెట్టు భాయ్. నేను ఏడుస్తుంటే, ఎప్పుడో అన్న మాటకు ఆయన నవ్వుడు ఇప్పుడు ఇనొస్తుంది."

అన్న చేయి ఫోన్ ఉన్న జేబు మీదికి పోయింది.

"ఎవరి మాట పారెయ్యమంటవ్ అక్కా?"