మడత లోపలి మచ్చ

మా అక్క కూతురికి ఆరేళ్ళప్పుడు ఫిట్స్ మొదలయ్యాయి. తల ఎడమపక్కకి తిరిగిపోయేది, ఆ వెంటనే ఎడమచెయ్యి బిగుసుకునేది. అక్కావాళ్ళది రేపల్లె. నేను తెనాలిలో ఒక స్కానింగ్ సెంటర్లో ఎమ్మారై టెక్నీషియన్ని. మొదటి స్కాన్ నేనే తీశాను. డాక్టరుగారు చూసి అంతా నార్మల్ అని రాశారు. ఆ మాట అక్కకి సంతోషంగా ఫోన్ చేసి చెప్పిందీ నేనే.

రెండేళ్ళలో మందులు మూడు రకాలయ్యాయి. ఫిట్స్ తగ్గలేదు.

బాపట్లలో నాతో చదువుకున్న స్నేహితురాలు అప్పుడు హైదరాబాదులో పరిశోధన చేస్తోంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల మెదడు స్కాన్లు కంప్యూటరుకి చూపించి, మామూలు మెదడు ఎలా ఉంటుందో దానికి నేర్పుతోంది. కొత్త స్కాన్ ఇస్తే, తేడా ఉన్నచోట అది ఎర్రగా గుర్తు పెడుతుంది.

"స్కాన్ పల్చటి పొరలుగా తీసి సీడీ పంపవే. పాప కదిలితే మాత్రం పనికిరాదు," అంది.

మా డాక్టరుగారు ఒప్పుకున్నారు. తీరా స్కాన్ తీసే రోజు మత్తిచ్చే డాక్టరు రాలేదు. "కదలను పిన్నీ," అంది పాప. చేతిలో రబ్బరు బుడ్డి పెట్టి, ఏదన్నా అయితే నొక్కమన్నాను.

సగం అయ్యేసరికి బెల్లు మోగింది. మైకులో సన్నగా వినపడింది: "పిన్నీ, వచ్చేస్తోంది."

పరిగెత్తి బల్ల బయటికి లాగాను. పాపని పక్కకి తిప్పి పట్టుకున్నాను. అక్క తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఫిట్ ఆగింది. గంటసేపు పడుకుని లేచాక, మిగతాది తీయమని పాపే అడిగింది. బల్ల మళ్ళీ లోపలికి పంపాను.

ఎనిమిదో రోజు స్నేహితురాలి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. కంప్యూటరు రెండుచోట్ల గుర్తు పెట్టిందట. ఒకటి పాప కదలడంవల్ల పడ్డ నీడ కావచ్చంది. రెండోది కుడివైపు, ముందుభాగంలో, మెదడు మడత ఒకదాని అడుగున.

డాక్టరుగారు ఆ చోటే పెద్దది చేసి చాలాసేపు చూశారు. మెదడులో తెల్లపొరా బూడిదరంగు పొరా కలిసే గీత అక్కడ చెరిగినట్టుంది. "పుట్టకముందే ఏర్పడిన లోపం అమ్మా ఇది," అన్నారు. పాత స్కాన్ తీయించారు. అందులోనూ మసగ్గా కనపడింది.

"అంటే అప్పుడు కూడా ఉందా?" అక్క నన్నే అడిగింది.

"ఉందక్కా."

"నార్మల్ అన్నావు కదే."

డాక్టరుగారు, "రాసింది నేనమ్మా, ఆ అమ్మాయి కాదు," అన్నారు. అక్క ఆయనవైపు చూడలేదు. నెలపైగా నాతో మాట్లాడలేదు.

హైదరాబాదులో మరిన్ని పరీక్షలు చేసి, లోపం అక్కడే అని తేల్చుకున్నాకే ఆపరేషన్ చేశారు. తర్వాత ఏడాదిలో రెండుసార్లే ఫిట్స్ వచ్చాయి. ఆపైన రాలేదు.

ఒక ఆదివారం అక్క ఫోన్ చేసింది. "అది లోపల గొళ్ళెం పెట్టుకుని స్నానం చేస్తోందే. ఫిట్స్ భయంతో ఇన్నాళ్ళూ పెట్టుకోనివ్వలేదుగా, ఇదే మొదటిసారి. నేను తలుపు దగ్గరే ఉన్నా. నీళ్ళ చప్పుడు వినపడుతోంది. నువ్వు ఫోన్ పెట్టెయ్యకు."

గొళ్ళెం తీసిన చప్పుడు వినపడేదాకా నేను ఫోన్ చెవి దగ్గర్నుంచి తియ్యలేదు.