చట్టం అమలైనట్టే అనుకుని

వరద పటాలకు రంగులు వేసే ఆవిడను ఆఫీసులో అందరూ మ్యాపులక్కయ్య అంటారు. ముప్పై ఏళ్ల తర్వాత వానలు ముదిరితే ఏ వీధి మునుగుతుందో చూపించడం ఆవిడ పని. మునిగే చోటుకు నీలం, మునగని చోటుకు తెలుపు. ఇరవై రెండేళ్లుగా అదే బతుకు.

ఈసారి పటం నిండా నీలమే. పెద్దసారు ముఖం చిట్లించాడు.

“కాలువకు యాభై అడుగుల లోపు కట్టినవన్నీ తీసేయాలని చట్టం ఉంది కదమ్మా. అది అమలైనట్టే అనుకుని మళ్లీ గీయండి.”

“ఆ చట్టం వచ్చి పదకొండేళ్లయిందండీ. ఒక్క ఇటుకైనా కదిలిందా?”

“అనుకోవడానికి మన సొమ్మేం పోయింది?”

మొన్నటి వానకు ఆవిడ ఇంట్లో మోకాలి లోతు మురుగు నిలిచింది. తడిసిన పరుపు కంపు ఇంకా ముక్కును వదల్లేదు. ఇప్పుడా ఇల్లు పటంలో కడిగిన ముత్యంలా మెరవాలట! వీళ్ల సిగ్గు ఏ కాలువలో కొట్టుకుపోయిందో!

చట్టం ప్రతిని ముందు పెట్టుకుని, కాలువకు యాభై అడుగుల లోపున్న కట్టడాలను ఒక్కొక్కటే చెరిపింది. నీలం నిజంగానే తగ్గింది.

సాయంత్రం పటం చూసి పెద్దసారు మురిసిపోయాడు. అంతలోనే కళ్లజోడు సర్దుకున్నాడు.

“మన ఆఫీసేదమ్మా?”

“కాలువకు ముప్పై అడుగుల్లో ఉందండీ. చట్టం అమలైతే ముందు లేచిపోయేది మనమే.”

ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. “ఇదొక్కటి మాత్రం వదిలేయండి.”

కాలువ గట్టు మీద కట్టుకున్న ప్రతివాడూ పదకొండేళ్లుగా అంటున్నది ఆ మాటే.