ఐదో గ్యాలన్ గుర్తు

2019 వేసవి. టెక్సాస్‌లో మేముండే ఇర్వింగ్‌కి మూడు గంటల దూరంలో, ఎప్పుడో మూతపడ్డ గ్యాస్ స్టేషన్. గ్యాస్ పంపులు సరైన కొలత పోస్తున్నాయో లేదో పరీక్షించడం నా వృత్తి. ఈ రాష్ట్రంలో నేను చెయ్యి పెట్టని పంపు లేదని చెప్పుకుంటుంటాను. లేకేం, బోలెడున్నాయి. రిటైరయ్యే ముందు ఒక పాత పంపు కొని బాగుచేసుకోవాలని బుద్ధి పుట్టి, మా ఆవిడ శారదని పికప్‌లో ఎక్కించుకుని వెళ్ళాను.

అది విజిబుల్ పంపు. ఇనుప స్తంభం, దాని నెత్తిన పది గ్యాలన్ల గాజు గొట్టం. చేత్తో లీవర్ ఆడిస్తే పెట్రోలు గాజులోకి ఎక్కేది. లోపలి గుర్తులు చూసి, కొనేవాడి కళ్ళముందే కిందికి వదిలేవారు. మూడు నిలువుల ఎత్తుందని అందరికీ చెబుతుంటాను. ఒకటిన్నర నిలువు ఉంటుంది. అయినా గాజు మీది గోనెపట్టా తీసి చుట్టూ తిరిగి చూశాను. ఒక్క గీత లేదు.

యజమానురాలు డొరొతీకి ఎనభై దాటాయి. చూపు ఆనదు.

"ఇలాంటివి ఎన్ని బాగుచేశారు, మిస్టర్ రావ్?"

"నలభై."

"ఇంట్లో కారే కుళాయి నలభై ఒకటోదాండీ?" అని శారద తెలుగులో గొణిగింది. ఏమందని డొరొతీ అడిగితే, ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పేసింది కూడా.

డొరొతీ పగలబడి నవ్వింది. "అయితే ఇదే మొదటిదన్నమాట!"

"మొదటిదే, మేడమ్," అని ఒప్పుకున్నాను.

నవ్వు ఆగాక ఆవిడ గొంతు మారింది. "అమ్మేముందు ఒకటి తేలాలి. మా నాన్న ఈ స్టేషన్ నడిపిన రోజుల్లో, ఈ గాజు తక్కువ పోసి అబద్ధమాడుతుందని ఊరంతా అనేది. బడిలో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. మా నాన్న ఆ మాట మోస్తూనే పోయాడు. కొలవండి. తక్కువొస్తే రేపే తుక్కుకి పంపేస్తాను."

ఎవరూ గుర్తులు కదల్చకుండా అప్పటి ఇన్‌స్పెక్టర్ వేసిన సీసపు సీలు చెక్కుచెదరలేదు. కొత్త రబ్బరు గొట్టం తగిలించి, నిచ్చెనెక్కి, పైనుంచి నీళ్ళు పోసి, గాజు పైఅంచు దగ్గరుండే సున్నా గుర్తుదాకా నింపి దిగాను. మధ్యాహ్నపు ఎండ ఆ నీళ్ళలోంచి దూరి మా ముగ్గురి కాళ్ళ దగ్గరా ఆడుతుంటే, కాసేపు పని మరచిపోయాను.

మా టెస్ట్ మెజర్ ఐదు గ్యాలన్ల స్టీలు పాత్ర. సన్నటి మెడకి స్కేలుంటుంది. నీళ్ళు ఆ స్కేలు మీది సున్నా గీత దగ్గర ఆగితే కొలత సరి, కిందే ఆగితే కొన్నవాడికి మోసం. ముందు పాత్రని తడిపి, వంచేసి, ముప్పై సెకన్లు బొట్లు కారనివ్వాలి. ఆ ముప్పై సెకన్లలో నేనో నిర్ణయానికొచ్చాను. ఎంతొచ్చినా సరిగ్గా ఉందనేస్తాను. ఆవిడకి కనిపించదు, నాకా పంపు కావాలి.

గాజులో నీళ్ళు ఐదో గుర్తుకి దిగగానే కట్టేశాను. నోరు తెరవబోతుంటే డొరొతీ చెయ్యెత్తింది. "మీరు కాదు. స్కేలు మీ ఆవిడ చదువుతుంది."

పాత్రని శారద వైపు తిప్పాను. శారద గొంతుక్కూర్చుని కళ్ళజోడు సర్దుకుంది.

"సున్నాకి పైన, నాలుగు గీతలు."

"పైనంటే?" అంది డొరొతీ.

"మీ నాన్నగారు ఎక్కువే పోశారు, మేడమ్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"మళ్ళీ కొలవండి."

ఆరుసార్లు కొలిచానని చెబుతుంటాను. రెండుసార్లే. రెండోసారీ నాలుగు గీతలే. టీ గ్లాసుడు ఎక్కువని కూడా అంటుంటాను కానీ, సగం గ్లాసుండొచ్చు. ఐదో గుర్తు వెంట్రుకవాసి కిందికి ఉంది. ఆయన కావాలనే అలా పెట్టించాడో, అలా కుదిరిందో నాకు తెలియదు. ఇన్నేళ్ళూ ఒక సీసపు ముద్ద ఆ సంగతిని దాచిపెట్టింది.

డొరొతీ ఆ నీళ్ళు పారబోయనివ్వలేదు. శారద ఆవిడ వేలు పట్టుకుని స్కేలు మీద పెడితే, సున్నా నుంచి పైకి ఒక్కొక్క గీతా తడుముకుంటూ వెళ్ళింది.

పంపు ఇప్పుడు మా గరాజ్‌లో ఉంది. ఇనుమంతా గీకి ఎర్రరంగు వేశాను. సీలు జోలికి మాత్రం పోలేదు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్న కొద్దికాలమూ ఒక నియమం పెట్టుకున్నాను: ఏ జవాబు రావాలో నాకు ముందే ఆశ ఉన్నచోట, స్కేలు నేను చదవను. ఇంకొకరిని పిలుస్తాను. ఇప్పుడు ఇంట్లో అయితే శారదనే.