బావ ముడి వేసిన బోల్టులు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. బళ్లో పిల్లలకు సైన్సు చెప్పి బతికినవాణ్ని. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే చాయ్ గ్లాసు పట్టుకుని లేచిపోయే రకం. ఇది కూడా చెప్పేవాణ్ని కాదు. కానీ ఎన్నిసార్లు ఆలోచించినా తెగడం లేదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు లేవు, ఆటోలు దొరికితే దొరికినట్టు. మా అక్క సుగుణకు కిడ్నీలు పాడై డయాలసిస్ చేయిస్తున్నాం. మన్సూరాబాద్‌లోని మా ఇంటి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దవాఖానకు తీసుకుపోవాలి. ఒక్కసారి తప్పితే ముఖం ఉబ్బిపోయి, ఊపిరాడక రాత్రంతా కూర్చునే ఉండేది. నేనూ సమ్మెలో ఉన్నవాణ్నే. పొద్దున శిబిరంలో నినాదాలిచ్చి, మధ్యాహ్నం బస్సు లేదని పళ్లు కొరుక్కునేవాణ్ని. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం అది.

మాకున్న దిక్కల్లా బావ వదిలిపోయిన పాత డీజిల్ కారు. బావ, అంటే అక్క భర్త నర్సింహ, పోచంపల్లి నేత కుటుంబం మనిషి. మగ్గం మానేసి పట్నం వచ్చి టాక్సీ నడిపాడు. అంతకు ముందు ఏడాది గుండెపోటుతో పోయాడు.

మగ్గం మానినా ఆ అలవాటు ఆయన చేతిని వదల్లేదు. ఇంజన్‌లో ఏ బోల్టు బిగించినా దాని మెడకు ఒక నూలు పోగు చుట్టి, తెగిన పోగును అతికినట్టు చిన్న ముడి వేసేవాడు. పోగు ఉంటే పని అయినట్టు, లేకపోతే కానట్టు. ఆఖరి బోల్టు మాత్రం వదిలిపెట్టి నన్ను పిలిచేవాడు.

"బామ్మర్దీ, ఆఖరుది నీదే. పుస్తకాల చేతికి జర మసి అంటనీ" అని నవ్వేవాడు.

ఆ కారుకు హెడ్ గ్యాస్కెట్ పోయింది. ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే పలుచటి రేకు అది. కాలిందంటే నీళ్లు పోయి ఆయిల్లో కలుస్తాయి. వెనక తెల్లపొగ, ఆయిల్ మూత తీస్తే పాలు ఎక్కువైన చాయ్ రంగు. ఎల్బీనగర్ మెకానిక్ యాదగిరి కొత్తది వేసి, పాత ఇంజన్ కాబట్టి ఒకసారి వేడెక్కి చల్లారాక బోల్టులన్నీ మళ్లీ బిగించాలి, తీసుకురమ్మన్నాడు. తీసుకెళ్దామంటే రాస్తారోకో. ఆ తర్వాత కారు బయటికి తీసిన మొదటిసారే కొత్తది కూడా కాలింది.

మళ్లీ అంతా విప్పి, హెడ్డు, అంటే ఆ పై భాగం, సాపు చేయించి, ఇంకో గ్యాస్కెట్ వేసేసరికి దసరా ముందురోజు సాయంత్రమైంది. యాదగిరి అప్పటికే పానాలన్నీ కడిగి, అమ్మవారి పటం ముందు పేర్చి, కుంకుమ బొట్లు పెడుతున్నాడు.

"మరి బోల్టులు మళ్లీ ఎప్పుడు బిగిస్తవు? పొద్దున అక్కను దవాఖానకు తీస్కపోవాలె."

"పూజల వెట్టిన పానా ముట్టద్దు సార్. నేను ఊరికి పోతున్న. టెంపరేచర్ ముల్లు చూస్కుంట మెల్లగ పోండ్రి, పండుగ ఎల్లినంక గుంజుదం."

బతిమాలాను, అరిచాను. ఆయన వినలేదు. చుట్టుపక్కల షెడ్లన్నీ తిరిగితే ప్రతిచోటా అదే, పానాలకు బొట్లు, ఊదుబత్తుల పొగ. బావ పనిముట్లన్నీ ఎప్పుడో పోచంపల్లిలో వాళ్ల తమ్ముడికి ఇచ్చేశాం. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇంటికొచ్చి, ఇంజన్ చల్లారాక రేడియేటర్‌లో నీళ్లు పోశాను. వరండా లైటు వెలుగులో ఆ బోల్టులను కసిగా చూశాను కూడా. అన్నీ బోడిగా ఉన్నాయి. బానెట్ మూసి, కారుకు తాళం వేసి, తాళంచెవి నా జేబులోనే ఉంచుకున్నాను.

అక్క అన్నం ముందు కూర్చుని, "నా కోసం గింత పరేషాన్ ఎందుకు తమ్మీ. ఈసారికి పోకుంటె ఏమైతది" అంది. బావ పోయినప్పటి నుంచి ఆ మాట మెల్లగా అలవాటు చేసుకుంటోంది. నాకు గ్యాస్కెట్ కన్నా ఆ మాటంటేనే భయం.

పొద్దున కొత్తపేట దగ్గర రోడ్డు మీదే సమ్మెవాళ్ల వంటావార్పు. అడ్డంగా పొయ్యిలు, వెనక లారీలు, కదలడానికి సందు లేదు. హారన్ కొడితే మా బడి తెలుగు సారే గరిటె పట్టుకుని వచ్చి, "మీరే గిట్ల కొడితె ఎట్ల సార్?" అన్నాడు. అక్కను చూసి నొచ్చుకుని, పొయ్యిలు జరిపించడానికి పరుగెత్తాడు. ఇంజన్ ఆపితే మళ్లీ అందుకోదేమోనని భయం, నడిపిస్తే కాలిపోతుందేమోనని భయం. టెంపరేచర్ ముల్లు మీదే చూపు పెట్టి కూర్చున్నాను. అది సగం దాటలేదు.

దవాఖానలో అక్కను పడుకోబెట్టి వచ్చి బానెట్ లేపాను. ప్రతి బోల్టు మెడకూ తెల్లటి నూలు పోగు, చిన్న ముడి. మసి కూడా అంటలేదు. ఒక మూల బోల్టు మాత్రం బోడిగా ఉంది.

అన్ని విధాలా ఆలోచించాను. తాళం నా దగ్గరే ఉంది. బావ అలవాటు వీధిలో ఎవరికీ తెలియదు. అక్కకు తెలుసు, కానీ డయాలసిస్ మొదలయ్యాక ఆమె వేళ్లు చీర పిన్ను కూడా పెట్టుకోలేవు. పోనీ ముడులు ఎవరో వేశారనుకున్నా, బోల్టులు నిజంగా బిగిశాయో లేదో యాదగిరి వచ్చాక గానీ తెలియలేదు.

పండగ వెళ్లాక, దవాఖాన నుంచి తిరిగొస్తూ అక్కతో సహా షెడ్డుకు వెళ్లాను. కారు చల్లారేదాకా ఆగి యాదగిరి పానా వేశాడు. ఒక్కొక్క బోల్టునూ గుంజి చూశాడు. కదల్లేదు.

"ఎవలు గుంజిండ్రు సార్? నేనైతె ముట్టలే."

మూల బోల్టు దగ్గర మాత్రం పానా తిరిగింది. యాదగిరి బిగించబోతుంటే, వెనక సీట్లో నుంచి అక్క మెల్లగా దిగి బానెట్ దగ్గరికి వచ్చింది. ఆ పోగులను చాలాసేపు చూసింది.

"ఆగు యాదగిరీ," అంది. "ఆఖరుది నీదే గద తమ్మీ."

పానా తీసుకున్నాను.

ఆ గ్యాస్కెట్ మళ్లీ పోలేదు. ఈసారికి మానేస్తానన్న మాట అక్క నోట మళ్లీ రాలేదు. మిగతావి ఎవరు బిగించారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మూల బోల్టు మాత్రం నేనే బిగించాను.