కాకి ఎంగిలి

కుంకుడుకాయలు చితక్కొట్టిన వాసన తగిలితే నాకు ఇప్పటికీ గుండె జారిపోతుంది. ఆ భయం ఎక్కడిదో నలభై ఏళ్ళు దాటినా ఎవరికీ చెప్పలేదు. నిన్న ఆ వాసన మా చెల్లెలు నూకరత్నం ఇంటి పెరట్లో తగిలింది. అక్కడ జరిగింది చూశాక, ఇంకా దాచుకుంటే తప్పు మీద తప్పు అవుతుందనిపించి ఇది రాస్తున్నాను.

రత్నం మనవరాలు హాసినికి గవదబిళ్ళలు వచ్చి తగ్గాయి. జ్వరం విడిచి మూడు రోజులైంది కదా అని, కోడలు శైలజ పిల్లకి తలంటు పోద్దామని కుంకుళ్ళు కొడుతోంది. రత్నం వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ఆ గిన్నె లాగి గోడవతలకి విసిరేసింది.

"పిల్ల సెవి పోగొడతావేటే? నాది పోయింది సాలదేటి?"

పక్కింటివాళ్ళు గోడ మీంచి చూస్తున్నారు. శైలజ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అచ్చం అలాంటి ముఖమే మా అమ్మకి ఉండేది. అమ్మ చచ్చేదాకా మోసిన నింద శైలజ మీదికి దిగబోతోందని, దాన్ని ఆపగలిగింది నేనొక్కదాన్నేనని ఆ క్షణంలో తెలిసింది.

మా చిన్నప్పటి ఇల్లు నర్సీపట్నం చివర, కృష్ణదేవిపేట రోడ్డు మీద ఉండేది. మాఘం వెళ్ళి ఫాల్గుణం వచ్చేసరికి గానుగల దగ్గర మరిగే బెల్లం పాకం వాసన, చెరకుపిప్పి పొగ వాసన, జీడిమామిడి తోటల్లో రాలి పులిసిపోయిన పళ్ళ వాసన, అన్నీ కలిసి మా వీధిలోకి వచ్చేవి. పడమటి గాలి తిరిగిన రోజున ఏజెన్సీ కొండల మీద కాలే పోడు పొగ కూడా వాటితో కలిసేది. మా మామ్మ అరుగు మీద కూర్చుని, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, దారినపోయే ప్రతి బండినీ ఎక్కడికని అడిగేది. నేను తొమ్మిదేళ్ళదాన్ని, రత్నం ఆరేళ్ళది. అక్కని మా వైపు అప్పా అంటారు, దానికి ఈ అప్పే లోకం. నేను ఎక్కడికెళ్తే అక్కడికి నా గౌను కొస పట్టుకుని వచ్చేది.

ఆ ఏడు మా బడిలో బెంచీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. గవదబిళ్ళలు వచ్చిన పిల్లలు చెవుల కింద బూరెలు దాచుకున్నట్టు వాచిపోయి, గెడ్డం కింది నుంచి నడినెత్తికి తువ్వాలు కట్టుకుని గుమ్మాల్లో కూర్చునేవారు. మెడలో బంగారు గొలుసు వేస్తే వాపు తీస్తుందని మా వీధి నమ్మకం. వీధి మొత్తానికి అలాంటి సన్నటి గొలుసు ఒక్కటే ఉండేది. అది ఈ పిల్ల మెడలోంచి ఆ పిల్ల మెడలోకి, ఏ ఇంట్లోనూ పది రోజులు నిలవకుండా తిరిగేది. ఈ రోజు ఏ ఇంటి గుమ్మంలో మెరుస్తుందా అని చూడటం మాకు ఆట, తర్వాత మన ఇల్లేనేమోనన్నది లోపలి భయం. పొద్దున్నే లేవగానే చెవుల కింద తడుముకునేదాన్ని. రత్నానివీ తడిమేదాన్ని.

ఫాల్గుణ పౌర్ణమికి ముందు రోజు పక్క ఊళ్ళో తీర్థం, అంటే మా వైపు జాతర. ఏడాదంతా ఎదురుచూసే రోజు. ఆ పొద్దున్న ఉప్పు అద్దుకుని మామిడి పిందె కొరికాను. పులుపు నాలిక్కి తగిలీ తగలగానే ఎడమ చెవి కిందినుంచి దవడంతా సూదితో కుట్టినట్టయింది. నోరు మూసుకుని నిలబడిపోయాను. అదేమిటో నాకు తెలుసు. బడిలో పిల్లలందరూ మొదట చెప్పేది ఆ నొప్పే.

అమ్మ నా ముఖం చూసింది. "ఏటే, అలాగైపోయావు? దవడ నొప్పెడతందా?"

"పిప్పిపన్నమ్మా. ఏటీ నేదు."

"తీర్తం ఉన్న రోజున నీకు నొప్పున్నా సెప్పవులే," అంది మామ్మ అరుగు మీంచి. అమ్మ నవ్వి, నా జడకి రిబ్బను కట్టింది. చూపించమని ఇంకొక్కసారి అడిగి ఉంటే ఏడ్చేసి చెప్పేసేదాన్ని. అడగలేదు.

తీర్థంలో రంగులరాట్నం కిర్రుకిర్రులు, గోళీసోడా పేలుళ్ళు, గాజుల దుకాణాల ముందు ఆడవాళ్ళ బేరాలు. వీటన్నిటి మధ్య నాకు బెల్లం జీళ్ళ కొట్టు గుర్తు. గుంజకి కొట్టిన మేకుకి పాకం ముద్ద తగిలించి, లాగి, మడిచి, మళ్ళీ లాగి, నల్లటి బెల్లాన్ని బంగారు రంగుకి తెచ్చేవాడు ఆ కొట్టతను. శొంఠి, నువ్వులు కలిసిన ఆ వాసనకి పిల్లలం ఈగల్లా మూగేవాళ్ళం. మా ఇద్దరికీ కలిపి పెద్ద జీడి ఒకటి వచ్చింది. రాయిలాంటిది, చేత్తో విరగదు. అప్పుడు పిల్లలందరూ చేసేదే చేశాను. గౌను కొస దాని మీద కప్పి, గుడ్డ మీదుగా కొరికి విరిచాను. నోరు తగల్లేదు, గుడ్డే తగిలింది కనక అది కాకి ఎంగిలి, కాకి ఎంగిలి తింటే తప్పు లేదు. మా బడి పిల్లల లోకంలో అంతకు మించిన చట్టం లేదు. దవడ నొప్పికి కళ్ళు తిరిగినా మూడుసార్లు కొరికి, పెద్ద ముక్క రత్నానికిచ్చాను. గౌను కొస నా ఉమ్మితో తడిసి ముద్దయింది. రత్నం ముక్క తినేసి, ఆ కొసకి అంటుకున్న బెల్లం కూడా చీకేసింది.

రెండు రోజులకి నా దవడలు వాచాయి. గొలుసు వచ్చింది, శొంఠి అరగదీసి పట్టు వేశారు, వారానికి తగ్గిపోయింది, గొలుసు వెళ్ళిపోయింది. రత్నాన్ని నా దగ్గరికి రానివ్వలేదు. దానికేమీ కాలేదని అందరూ సంతోషించారు. నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

ఉగాది రోజున అమ్మ పచ్చడి చేసింది. కొత్త చింతపండు, కొత్త బెల్లం, వేపపువ్వు, మామిడి ముక్కలు. రత్నం నోట్లో పెట్టుకోగానే చెంప పట్టుకుని కెవ్వుమంది. వేపపువ్వు చేదుకి ఏడుస్తోందని అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

దానికి నాలాగా తేలిగ్గా తగ్గలేదు. జ్వరం కాల్చేసింది. తలనొప్పని గోడకేసి తల ఆనించుకునేది, తాగిన గంజి తాగినట్టే కక్కేసేది, కూర్చోబెడితే పక్కకి ఒరిగిపోయేది. గొలుసు దాని మెడ మీద జ్వరానికి వేడెక్కి ఉండేది. తీర్థం సంగతి చెబితే చంపేస్తారని కాదు, చెబితే అది చచ్చిపోతుందని ఎందుకో నమ్మి నోరు విప్పలేదు.

తొమ్మిదో రోజుకి జ్వరం విడిచింది. ఇంకో రెండు రోజులాగి అమ్మ కుంకుళ్ళు కొట్టి, నీళ్ళు కాచి, రత్నానికి తలంటు పోసింది. మధ్యాహ్నం రత్నం పంచలో నులక మంచం మీద, తడి జుట్టు ఆరబోసుకుని పడుకుంది. దాని ఎడమపక్కన చేరాను. కుంకుళ్ళ వాసన, సాంబ్రాణి వాసన. ఎన్ని రోజులకో నా చెల్లెలు నాకు దొరికింది. చెవిలో నోరు పెట్టి, దానికి ఇష్టమైన నక్క కథ మొదలుపెట్టాను. నక్క చెరకుతోటలో దూరింది, రైతు వచ్చాడు, నక్క చచ్చినట్టు పడుకుంది...

రత్నం ఇటు తిరిగింది. "సెప్పప్పా. కథ సెప్తానన్నావు గదా, సెప్పవేటి?"

లేచి కుడిపక్కకి వెళ్ళి అదే కథ మొదలుపెడితే నవ్వింది.

విశాఖపట్నం పెద్ద డాక్టరు చూసి, ఎడమ చెవి ఇక వినపడదన్నాడు. ఎందుకలా అయిందో మాకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. మామ్మ చెప్పింది. "జొరం ఇడిసిందో నేదో, బేగి తలంటు పోసీసింది. సెవిలోకి నీల్లెల్లిపోనాయి." వీధంతా ఆ మాటే అంది. ఆ తర్వాత అమ్మ మాకెవరికీ తలంటు పోయలేదు. పండగొస్తే పక్కింటావిడని పిలిచి, తను వీధి గుమ్మంలోకి వెళ్ళి నిలబడేది.

పదో తరగతితో నా చదువు ఆగింది. కుట్టుమిషను నేర్చుకుని బజార్లో చిన్న కొట్టు పెట్టాను. మధ్యాహ్నం బేరాలుండని వేళ గ్రంథాలయానికి వెళ్ళేదాన్ని. అక్కడి సైన్సు బీరువాలో నేను చదవని పుస్తకం లేదు. గొప్పకి చెప్పడం లేదంటే అబద్ధం, కొంచెం గొప్పకే చెబుతున్నాను. మొదట చెవి గురించి చదివాను, తర్వాత వైరస్‌ల గురించి.

వైరస్ అంటే, నా వృత్తి మాటల్లో, మిషనూ దారమూ గుడ్డా లేని దర్జీ. దాని దగ్గరున్నదల్లా తన కొలతలు రాసిన ఒక కాగితం. సొంతంగా ఒక్క కుట్టు వెయ్యలేదు. గవదబిళ్ళల వైరస్ ఉమ్మిలో, తుంపరల్లో ప్రయాణం చేసి ఇంకొకరి ముక్కులోకో నోట్లోకో చేరుతుంది. అక్కడి కణాల మీద నూగులాగా ఒక రకం చక్కెర ఉంటుందట. వైరస్ పైనున్న ముళ్ళు ఆ చక్కెరకే తగులుకుంటాయట. ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసేసి, జీడి గుర్తొచ్చి చాలాసేపు అలాగే కూర్చున్నాను. తగులుకున్నాక దాని పొరా కణం పొరా రెండు నీటిబొట్లలా కలిసిపోయి, కాగితం లోపలికి జారుతుంది. ఇది ఎవరి కాగితమని కణం అడగదు. తన పని పక్కన పెట్టి ఆ కొలతలతోనే కుట్టడం మొదలుపెడుతుంది, వందలూ వేలూ. బయటికి పోయేటప్పుడు ఒక్కొక్కటీ మన కణం పొరలోంచే ముక్క తీసి ఒంటికి చుట్టుకుని పోతుంది. అలా రక్తంలో పడి దవడ గ్రంథులకీ, ఒక్కోసారి మెదడు పొరలకీ, ఎప్పుడో ఒకరికి నత్తగుల్లలా చుట్టుకున్న లోపలి చెవికీ చేరుతుంది. అక్కడ శబ్దాన్ని పట్టుకునే సన్నటి కణాలు పోతే మళ్ళీ మొలవవు. తలంటు నీళ్ళు అక్కడిదాకా వెళ్ళవు.

ఇంకో రెండు మాటలు కూడా చదివాను. వాపు కనపడటానికి రెండు రోజుల ముందే వైరస్ ఉమ్మిలోకి దిగుతుంది. ఒకరి నుంచి ఇంకొకరికి చేరాక బయటపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. తీర్థం నుంచి ఉగాదికి వేళ్ళ మీద లెక్కపెట్టాను. పదిహేడు రోజులు. వీధంతా ఆ జబ్బే ఉంది, ఒకే మంచం మీద పడుకునేవాళ్ళం. ఎవరి వల్లనైనా వచ్చి ఉండవచ్చు. కాని గుడ్డ సంగతి నాకు తెలుసు. ఎంత దగ్గర నేతైనా పోగుకీ పోగుకీ మధ్య సందుంటుంది, వైరస్‌కి ఆ సందు పెద్ద వీధి. అందులోనూ తడిసిన గుడ్డ.

ఇంత తెలిసీ నోరు విప్పలేదు. అమ్మ ఆఖరి రోజుల్లో మంచం పక్కన రత్నం కూర్చుంది, దాని ఎడమ చెవి అమ్మ వైపుంది. అమ్మ గొంతు పైకి రావడం లేదు. "నా మీద కోపం ఉన్నాదేటే అమ్మా?" అంది. రత్నానికి వినపడలేదు. దుప్పటి సర్దుతూ ఉండిపోయింది. కాళ్ళ దగ్గరున్న నాకు వినపడింది.

కుంకుళ్ళ గిన్నె విసిరేసిన మర్నాడు, ఇక్కడిదాకా రాసింది పట్టుకుని రత్నం ఇంటికి వెళ్ళాను. చిక్కుళ్ళు వలుస్తోంది. పక్కన గుమ్మం దగ్గర శైలజ.

"ఎడం పక్క కూకోకప్పా. అది మా ఆయన తిట్లకి కేటాయించీసేను," అంది రత్నం నవ్వుతూ.

కుడివైపు కూర్చుని మొదటి నుంచీ చదివాను. జీడి దగ్గర "అంత రుసి మళ్ళీ తగల్లేదు," అంది. తలంటు దగ్గరికి వచ్చేసరికి దాని చేతులు ఆగిపోయాయి. చివరిదాకా విని, చేతిలోని చిక్కుడుకాయ పక్కన పెట్టింది.

"అమ్మ అడిగిందా?"

"అడిగింది."

"నువ్వేటన్నావు?"

"ఏమీ అనలేదు."

"నాకినబడనప్పుడు నువ్వు సెప్పాలి గదప్పా," అంది. "లేదమ్మా, కోపం లేదంటందని సెప్పాలి గదా."

జీడి గురించి ఇంకేమీ అనలేదు. లేచి శైలజ పక్కకి వెళ్ళింది. "రేపు పిల్లకి తలంటు పొయ్యమ్మా. కుంకుళ్ళు నేను కొడతాను."

మర్నాడు నేనూ వెళ్ళాను. జుట్టు ఆరాక హాసిని పక్కన కూర్చుని, ముందు కుడి చెవిలో, తర్వాత ఎడమ చెవిలో, నక్క కథ చెప్పాను. రెండుసార్లూ నవ్వింది. జీళ్ళు ఇప్పుడు ప్లాస్టిక్ పొట్లాల్లో చిన్నచిన్న ముక్కలుగా వస్తున్నాయి, విరవక్కర్లేదు. కాకి ఎంగిలి అంటే హాసినికి తెలీదు. అడ్డపొగ పీల్చే ముసలమ్మలు లేరు, ఆ గొలుసు ఎవరింట్లో కరిగిపోయిందో తెలీదు. కుంకుళ్ళ వాసన మాత్రం అలాగే ఉంది.

అడిగిన పుస్తకమల్లా బీరువా అడుగునుంచైనా తీసిచ్చిన గ్రంథాలయం ఆదినారాయణ గారికి, నేను చదువుకున్నది నిజమేనని ఓపిగ్గా చెప్పి, హాసిని చెవులు పరీక్ష చేయించిన నర్సు కుమారి గారికి, నా గొలుసుకట్టు రాతని ఫోన్‌లో సాపు చేసిన శైలజకి, కుడి చెవితో మొత్తం విన్న నా చెల్లెలు నూకరత్నానికి కృతజ్ఞతలు. మొత్తం విన్నాక రత్నం తప్పు పట్టింది ఒక్కటే. ఇంతమంది పేర్లు రాసి, అమ్మ పేరు ఎక్కడా రాయలేదంది.

మా అమ్మ పేరు సన్యాసమ్మ. ఆమె వల్ల ఏ తప్పూ జరగలేదు.