దేవుళ్ళ పక్క సీటు

లారీలోకి అన్నీ ఎక్కాయి, దేవుళ్ళు తప్ప. మంచాలు, బీరువా, గ్రైండరు, నా సైకిలు, ఆఖరికి తులసి కుండీ కూడా టార్పాలిన్ కింద సర్దుకుంది. దేవుళ్ళ దగ్గరికొచ్చేసరికి మాత్రం అవ్వ లారీ డ్రైవరుని గడప బయటే ఆపేసింది. "వాళ్ళు మాతో కారులో వస్తారులే" అంది, ఎవరో బంధువుల గురించి చెప్పినట్టు. వెంకటేశ్వరస్వామి పటం, అమ్మవారి పటం, రెండు ఇత్తడి దీపాలు, కుంకుమ భరిణె అన్నీ ఒక వెదురు బుట్టలో పెట్టి, పైన తన పాత పట్టుచీర ముక్క కప్పి, ఆ బుట్టని కారు వెనక సీటులో నడిమధ్య కూర్చోబెట్టింది. బుట్టకి ఒక పక్క తను, రెండో పక్క నేను. ముందు సీట్లలో నైనా, అమ్మ.

నైనా అంటే మా నాన్న. చెన్నైలో తరాలుగా ఉన్న తెలుగిళ్ళలో మేం అలాగే పిలుస్తాం. అవ్వ ఆయన తల్లి. నైనా అంబత్తూరు ఎస్టేటులో ఒక ఇంజనీరింగ్ కంపెనీలో సూపర్‌వైజరు. ఆయన సెక్షన్ మొత్తాన్ని పూనా దగ్గరికి మారుస్తున్నారు, వచ్చేవాళ్ళు రావచ్చు, రాలేనివాళ్ళు ఇంట్లో కూర్చోవచ్చు అన్నారు. నైనా వస్తానన్నాడు. నన్నెవరూ అడగలేదు.

నేనప్పుడు ఎనిమిదో తరగతి. స్నేహితులతో మాట్లాడేదంతా తమిళంలోనే. హిందీలో నాకు వచ్చింది నా పేరు చెప్పుకోవడం ఒక్కటే. పూనా అనే మాట వినబడితే చాలు, లేచి వెళ్ళి బాత్‌రూములో తలుపేసుకునేదాన్ని. అన్నం మానేశాను, ఒకరోజు నైనా షూ తీసుకెళ్ళి నీళ్ళ ట్యాంకులో వేశాను. ఇంట్లో ఎవరి మాటా వినని నన్ను దారికి తెచ్చింది అవ్వే, అదీ ఒక పాలగిన్నెతో.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కొత్త ఇంట్లో చేరేటప్పుడు ఇంటి ఆడపిల్ల పాలగిన్నె పట్టుకుని అందరికంటే ముందు గడప దాటాలి. ఆమె వెనక దేవుళ్ళు, ఆ వెనక పెద్దవాళ్ళు, సామాన్లు అన్నిటికంటే చివర. అంబత్తూరు ఇంట్లోకి అలా ముందు నడిచింది మా అత్త, నైనాకి చెల్లెలు. పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటినా పండక్కి వచ్చిందంటే "ఇది నేను పాలు తెచ్చిన ఇల్లు" అని కాలుమీద కాలేసుకుని కూర్చునేది. అమ్మకి ఒళ్ళు మండేది.

"ఆడ పూనాలో ఇల్లు నీది మే" అంది అవ్వ. "నువ్వు కాలు పెట్టినాకనే ఎవురైనా లోపలికి. మీ నైనా అయినా సరే, బైటనే నిలబడాల."

ఆ చివరి మాట నాకు బాగా నచ్చింది. నన్నడక్కుండా ఊరు మార్చిన మనిషి నేను లోపలికి వెళ్ళేదాకా బయట నిలబడతాడు. ఆ రోజునించి అలక మానేశాను. క్లాసులో అందరికీ చెప్పుకున్నాను, ఎండన పడి వీధి చివర ఇస్త్రీ బండి ఆమెకి కూడా చెప్పి వచ్చాను.

మొదటిరోజు ప్రయాణం సరదాగానే సాగింది. హోసూరు దాటేసరికే పులిహోర డబ్బా ఖాళీ. కారు గుంతలో పడినప్పుడల్లా అవ్వ బుట్టని రెండు చేతులతో పట్టుకుని "మెల్లగా పోరా, దేవుళ్ళు ఉండారు" అనేది. "మేం మనుషులమూ ఉండాం కదమ్మా" అనేవాడు నైనా. ఆ రాత్రి హుబ్లీలో లాడ్జిలో పడుకున్నాం.

తెల్లారి లాడ్జి బాత్‌రూములో చూసుకున్నాను. ఏమిటో నాకు తెలుసు. స్కూల్లో టీచరు చెప్పింది, నా క్లాసులో సగం మందికి అప్పటికే అయింది. భయపడలేదు. కానీ నిలువునా నీరసం వచ్చింది, ఎందుకంటే పాలు పొంగించే ముహూర్తం మర్నాడు పొద్దున్న. అమ్మ ఆ మూడు రోజులు దేవుడి గూటి వైపు కూడా వెళ్ళదని పుట్టినప్పటినించీ చూస్తున్నాను. నేను నోరు విప్పితే పాలగిన్నె పోయినట్టే.

విప్పలేదు. నైనా చేతిరుమాలు ఒకటి కొట్టేసి మడతపెట్టి వాడుకున్నాను. అదెంతసేపు ఆగుతుందో తెలిసే వయసు కాదు. వెళ్ళి నా సీట్లో, దేవుళ్ళ పక్కన కూర్చున్నాను. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళు తాగకుండా, కిటికీ వైపు తిరిగి, ఊపిరి కూడా జాగ్రత్తగా పీల్చాను. ఒకసారి మలుపులో బుట్ట వాలి నా మోచేతికి తగిలింది. అమ్మవారికి మనసులోనే సారీ చెప్పుకున్నాను. పాపం అంటుకుంటుందేమోనన్న భయంకన్నా, అవ్వ పక్కనే కూర్చుని అవ్వని మోసం చేస్తున్నానన్న సిగ్గు ఎక్కువగా ఉండింది. ఆమె మధ్యమధ్యలో నా చేతిలో చెక్కిలాలు పెడుతూనే ఉంది.

నిపాణి దాటాక ఒక ధాబా దగ్గర కారు ఆపాడు నైనా. నేను దిగనన్నాను. ఆకలి లేదన్నాను. నైనా నా వైపు తలుపు తీసి "ఏం కలెక్టరమ్మా, భోజనం కారులోకే పంపించాలా?" అని చెయ్యి పట్టి లాగాడు. ఆయన ఎప్పుడూ అలాగే లాగుతాడు. లేచి నిలబడ్డాను. నా మీద ఉన్నది పసుపురంగు చుడీదారు.

ముందు అవ్వ సీటు చూసింది. తర్వాత నన్ను చూసింది. అవ్వ చేసిన మొదటి పని నాకు ఈ రోజుకీ కళ్ళకి కడుతుంది. కారులోకి వంగి బుట్టని రెండు చేతులా ఎత్తి గుండెకి హత్తుకుని నాలుగడుగులు వెనక్కి జరిగింది. ఆ తర్వాతే నా మొహం చూసి నవ్వింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా.

"ఎప్పట్నించి మే?" అంది.

"పొద్దున్నించి."

"పొద్దున్నించి ఈళ్ళ పక్కన్నే కూర్చోనుండావా? చెప్పలా?"

నైనాకి ఏమీ అర్థం కాలేదు, నా చెయ్యి ఇంకా ఆయన చేతిలోనే ఉంది. అమ్మ దగ్గరికొచ్చి తగ్గు గొంతుతో ఒక్క మాట చెప్పింది. నైనా నా చెయ్యి వదిలేసి, టైర్లలో గాలి చూస్తానని అటు వెళ్ళిపోయాడు. ధాబా ముందు మంచాల మీద కూర్చున్న లారీవాళ్ళంతా మా వైపే చూస్తున్నారు. అమ్మ తన చున్నీ తీసి నా నడుముకి కట్టింది. నేల చీలితే బాగుండునని అంటారే, నాకంత పెద్ద కోరికలు లేవు, ఆ చుడీదారు ముదురురంగుదైనా బాగుండేదనుకున్నాను.

అక్కడినుంచి కారులో సీట్లు మారాయి. అవ్వ, దేవుళ్ళు ముందుకి. అమ్మ నా పక్కకి. నా కింద న్యూస్‌పేపరు, దాని మీద తువ్వాలు. నైనా కారు స్టార్ట్ చేసి, లోపలి అద్దాన్ని పైకి తిప్పేశాడు. అందాకా ఆ అద్దంలోంచి నన్ను చూసి మొహం వెక్కిరిస్తూ వచ్చినవాడు. ఇక పూనా దాకా నాకు అద్దంలో కనబడింది కారు పైకప్పు మాత్రమే.

అవ్వ నోట్లో నువ్వుగింజ నానదు. ముందు ఎన్నూరులో ఉన్న మా మేనమామకి ఫోను చేసింది. "మన పాప పెద్దమనిషి అయింది నాయనా. నీకే దా ముందు చెప్తుండా. ఆ, కారులోనే." తర్వాత అత్తకి, చిత్తూరులో వాళ్ళ అక్కకి, పాత ఇంటి పై పోర్షన్ ఆవిడకి. ప్రతి ఫోనులోనూ ‘కారులోనే’ అనే మాట. కొల్హాపూర్ వచ్చేసరికి చెన్నైలో నన్నెరిగినవాళ్ళలో సంగతి తెలియకుండా ఇస్త్రీ బండి ఆమె ఒక్కతే మిగిలి ఉంటుంది. నువ్వులు, బెల్లం తినిపించాలని అవ్వ పట్టుబడితే నైనా రోడ్డుపక్క నువ్వుల చిక్కీ కొన్నాడు. అవ్వ సీటు మీంచి వెనక్కి వంగి, నా చేతికి తన చెయ్యి తగలకుండా, పైనుంచి అరచేతిలో వేసింది. "తిను తల్లీ, శుభం" అంది.

అంత శుభవార్త అయితే నన్ను ముట్టుకోరెందుకు? ఈ ప్రశ్న ఇప్పుడు నోటినిండా అడుగుతున్నాను. ఆ రోజు చిక్కీ తిన్నాను.

ఆ రాత్రి కంపెనీ గెస్ట్‌హౌసులో ఉన్నాం. తెల్లవారుతుండగా మెలకువొచ్చి కిటికీలోంచి చూస్తే, నైనా లుంగీ పైకి కట్టుకుని కారు వెనక తలుపు తెరిచి, బట్టల సబ్బుతో సీటు తోముతున్నాడు. ఒకసారి తోమి, నీళ్ళు కొట్టి, ముక్కు దగ్గర పెట్టి చూసి, మళ్ళీ తోముతున్నాడు. నాకు చచ్చిపోవాలనిపించింది. అయినా బయటికి వెళ్ళాను, ఎందుకంటే అవ్వ మాట కాదనగలిగినవాడు మా ఇంట్లో ఆయనొక్కడే.

"నైనా, నువ్వు చెప్తే అవ్వ వింటుంది. నేను స్నానం చేసేస్తా. గిన్నె పట్టుకుని ఊరికే గడప దాటి, మళ్ళీ బయటికి వచ్చేస్తా."

ఆయన నా వైపు తిరగలేదు. బకెట్టుతోనే మాట్లాడాడు. "నాకేం తెలుసు పాపా ఇవన్నీ? ఆడోళ్ళ విషయం. అమ్మని అడుగు."

అమ్మని అడిగితే "ఈసారికి వదిలెయ్. మళ్ళీ ఇల్లు మారినప్పుడు నువ్వే పట్టుకుందువు" అంది. మేం మళ్ళీ ఇల్లు మారలేదు.

కొత్త ఇంటి ముందు లారీ నిలబడి ఉంది. పాలు పొంగేదాకా సామాను దించకూడదు కాబట్టి డ్రైవరు గేటు దగ్గర బీడీ కాలుస్తున్నాడు. కారుని చెట్టునీడలో ఆపి, నా వైపు అద్దం సగం దించి, నన్ను లోపలే కూర్చోమన్నారు. సీటు ఇంకా తడిగానే ఉంది. అమ్మ పాలగిన్నె పట్టుకుంది. అవ్వ బుట్ట ఎత్తుకుంది. నైనా తన ఫోను డ్రైవరుకిచ్చి, ముగ్గురూ గుమ్మం ముందు నిలబడితే అతను ఫోటో తీశాడు. తర్వాత అమ్మ, ఆమె వెనక దేవుళ్ళు, వాళ్ళ వెనక నైనా కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళారు. ఆయన వెనక్కి తిరుగుతాడేమోనని చూశాను. తిరగలేదు. లారీ డ్రైవరు మాత్రం ఫోను పట్టుకుని నా వైపు చూసి, ఈ పిల్ల ఏం తప్పు చేసిందో అన్నట్టు చూపు తిప్పుకున్నాడు.

అవ్వ చెడ్డ మనిషి కాదు. తొమ్మిదోరోజు నాకు తలంటి, కొత్త పరికిణీ కట్టి, దిష్టి తీసి, నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఏడ్చింది. ఆమె మీద కోపం తెచ్చుకుందామంటే ఎక్కడ మొదలుపెట్టాలో ఇప్పటికీ తెలీదు.

ఆ ఫోటోని పెద్దది చేయించి హాల్లో పెట్టారు. నైనా ఆఫీసు వాళ్ళు భార్యలతో మొదటిసారి వచ్చినప్పుడు ఒకావిడ చూసి "ఇందులో పాప లేదే?" అంది. అవ్వ నోరు తెరవబోయింది. ఆమెకంటే ముందు నైనా "ఫోటో తీసింది పాపే కదండీ" అన్నాడు. ధాబా తర్వాత ఆయన నా మొహం సూటిగా చూడటం అదే మొదటిసారి. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. నన్ను కాపాడాడనుకున్నాను. రాత్రి పడుకున్నాక, ఏ తప్పునుంచి కాపాడాడు అనే ఆలోచన వచ్చి, దుప్పటి మీదికి లాక్కున్నాను.

ఇప్పుడు నేను చెన్నైలోనే ఉద్యోగం చేస్తున్నాను. అంబత్తూరులోనే, హాస్టల్లో. పోయిన నెల నైనా, అమ్మ నన్ను చూడటానికి వచ్చారు. నా రూమ్మేటుకి నైనా తన ఫోనులో పూనా ఇల్లు చూపిస్తుంటే ఆ ఫోటో వచ్చింది. "నీ ఎంగ?" అంది ఆ పిల్ల తమిళంలో, నువ్వెక్కడ అని.

నైనా నోరు తెరిచేలోపే నేను చెప్పేశాను. తీసింది నేనేనని. అందరినీ దగ్గరికి జరగమన్నానని. మొదటిసారి తీసినప్పుడు అవ్వ కళ్ళు మూసేసిందని, మళ్ళీ తీయాల్సొచ్చిందని. ఎంత వివరంగా చెప్పానంటే, చెబుతుంటే నాకే ఆ గుమ్మం ఎదురుగా కనబడింది. అమ్మ తల వంచుకుని బ్యాగులో ఏదో వెతుక్కుంది.

"అవును" అన్నాడు నైనా. "రెండోది బాగా వచ్చింది."