సాంబయ్య గారి పేజరు రూలు

కంచం పక్కన ఫోను గుర్రుమంటూ కదిలింది. గుంటూరు నుంచి మా అమ్మాయి మెసేజ్. బస్సెక్కిందట. ‘అందింది’ అని కొట్టి పంపాను. నీలం టిక్కులు పడ్డాయిగా, మళ్లీ ఇదేంది నాన్నా అని విసుక్కుంది. ఆ విసుగు ఒకప్పుడు నాదే. ఈ రోగం నాకంటించిన మనిషి సాంబయ్య గారు.

నరసరావుపేటలో ఒక లారీ ఆఫీసుకు ఆయన మేనేజరు, నేను గుమాస్తాను. సెల్‌ఫోన్లు మా దాకా రాని రోజుల్లో నా బెల్టుకు పేజరు తగిలించారు. దానికి చెవే తప్ప నోరు లేదు. ఎవరైనా పేజింగ్ ఆఫీసుకు ఫోన్ చేసి కబురు చెబితే, అక్కడి అమ్మాయి ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతుంది, నా నడుం దగ్గర కీచుమంటుంది. చేరిందో లేదో పంపినవాళ్లకు తెలిసే దారే లేదు. అందుకని సాంబయ్య గారు నా ప్రాణానికి ఒక రూలు పెట్టారు. అది మోగగానే ఎంత పనిలో ఉన్నా ఎస్టీడీ బూత్‌కు వెళ్లి, అందిందని ఆఫీసుకు ఫోన్ చెయ్యాలి.

మిరప బస్తాలకు తాళ్లు కట్టిస్తుంటే కీచు. అన్నంలో చెయ్యి పెడితే కీచు. ఒకసారి ఆఫీసు మెట్లెక్కుతుండగా మోగింది. ఎదురుగా నిలబడి అందిందండీ అన్నాను. తల కూడా ఎత్తకుండా, బూత్‌కెళ్లి చెయ్యమన్నారు. రోడ్డు దాటి చేస్తే, కిటికీలోంచి నన్నే చూస్తూ ఫోనెత్తి, సరేనని పెట్టేశారు. ఎంత తిట్టుకున్నానో! ఎందుకండీ ఈ చాదస్తం అని అడిగేశాను.

“ఒరేయ్ శ్రీనూ, అందిందని నువ్వు చెప్పేదాకా అవతలోడికి ఊపిరాడదురా.”

మా ఆవిడ పద్మకు నెలలు నిండాయి. ఒక మధ్యాహ్నం పేజరు మోగింది. పద్మకు నొప్పులని ఇంటి నుంచి కబురొచ్చింది, వెంటనే ఫోన్ చెయ్ అని సాంబయ్య గారు. ఫోనూ లేదు గీనూ లేదు, ముందే అనుకున్న పెద్దాసుపత్రికి పరిగెత్తాను. దారిలో మళ్లీ కీచుమంది. అందిందా అనేగా నీ ఏడుపు అనుకుని, చూడకుండానే ఆపేశాను. గంటసేపు వార్డులన్నీ తిరిగినా పద్మ లేదు. అప్పుడు పేజరు తీసి చూశాను. బిడ్డ అడ్డం తిరిగిందట, ఫలానా నర్సింగ్‌హోమ్‌కు మార్చారట.

నేను వెళ్లేసరికి ఆపరేషన్ అయిపోయింది. తల్లీ బిడ్డా క్షేమం. నా ఫోన్ కోసం పది నిమిషాలు చూసి, సాంబయ్య గారే సైకిలెక్కి వచ్చి, పద్మకు తండ్రినని చెప్పి ఆపరేషన్‌కు సంతకం పెట్టారట. నన్ను ఒక్క మాట తిట్టలేదు.

“అందిందా?” అన్నారు.

ఆ రోజు పుట్టిన పిల్లే ఇప్పుడు నామీద విసుక్కుంటోంది.

పోయిన నెల సాంబయ్య గారు పోయారని వాళ్లబ్బాయి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. నిమిషంలో చేతులు జోడించిన బొమ్మలు వరసకట్టాయి. చూసి ఒళ్లు మండింది. ఫోన్ చేశాను.

“అందింది బాబూ” అన్నాను.

అవతల అతను గట్టిగా ఊపిరి తీసుకోవడం వినపడింది.